హారిక బరువంత బెల్లం

జగ్గయ్యపేట,
శనివారం, మధ్యాహ్నం.

అక్కయ్యకి నీ చెల్లెలు కామేశ్వరి నమస్కారాలు.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? చిన్నవాడి కూతురికి పళ్లొచ్చాయా? ఇక్కడ మేమంతా క్షేమం. ఆ 'క్షేమం' అన్న మాట రాసి, కలం పక్కన పెట్టి, కాసేపు ఊరికే కూర్చున్నా. రాయకపోతే నువ్వు బెంగపడతావు, రాస్తే అబద్ధమవుతుంది. క్షేమానికి దగ్గర్లో ఉన్నాం అని సరిపెట్టుకో.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నీ చెవికి అందాలంటే నేను అరవాలి. నేనరిస్తే కోడలికే కాదు, వీధి చివర కిరాణా కొట్టుకి కూడా వినపడుతుంది. ఇది అలా వినపడాల్సిన సంగతి కాదు.

పాలకొల్లు వదిలి కొడుకు దగ్గరికొచ్చి నాలుగు నెలలైంది. మన వైపు ఎండ చెమట పట్టిస్తుంది, ఇక్కడి ఎండ ఆ చెమటని కూడా మిగల్చదు. సిమెంటు దుమ్ముకి కిటికీ ఊచలు తుడిచినా తుడవనట్టే ఉంటాయి. మురళి ఫ్యాక్టరీలో షిఫ్టు దిగొచ్చి "అమ్మా, తిన్నావా?" అని అడుగుతాడు, జవాబు వినేలోపు నిద్రపోతాడు. అన్నేళ్లు బళ్లో సైన్సు చెప్పినదాన్ని, ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగరు. వంటిల్లు సుజాతది. నాకు ఉల్లిపాయలు తరిగే ఉద్యోగం ఇచ్చింది గానీ ఇంకా పర్మనెంటు చెయ్యలేదు. అయినా నా గురించి బెంగ పెట్టుకోకు. వేళకి తింటున్నా, వేళకి పడుకుంటున్నా.

తిండి సంగతి రాయాలి. రాయాల్సిందే అది.

ఈ ఇంట్లో తల్లీకూతుళ్లు అన్నం మానేశారు. కొర్రలు, సామలు, పొద్దున్నే మెంతుల నీళ్లు, మధ్యాహ్నం కీరా ముక్కలు. కొర్రలంటే నాకు కోపం లేదు, వాటిని శిక్షలా తినడమే నచ్చదు. బాత్‌రూం గుమ్మం పక్కన బరువు చూసే మిషను ఉంది. దేవుడి గదికన్నా ముందు ఇద్దరూ దాని దగ్గర నిలబడతారు. అంకె బాగుంటే నా కాఫీ నవ్వుతూ వస్తుంది. లేకపోతే గ్లాసు బల్ల మీద చప్పుడు చేస్తుంది. ఆకలేస్తోందా లేదా అన్నది మనం కడుపుని అడిగేవాళ్లం, వీళ్లు ఫోన్‌ని అడుగుతున్నారు.

మన హారికకి మూడేళ్ల కిందట డెంగీ జ్వరమొచ్చింది, గుర్తుందా? ఆసుపత్రిలో పుల్లలా పడుకున్న పిల్లని చూసి సుజాత పెనుగంచిప్రోలు అమ్మవారికి మొక్కుకుంది. పిల్ల లేచి తిరిగితే దాని బరువంత బెల్లం ఇస్తానని. పిల్ల లేచింది, తిరిగింది, ఒళ్లు చేసింది. ఇప్పుడు నందిగామలో డిగ్రీ చదువుతోంది. మొక్కు మాత్రం ఏడాదికేడాది వాయిదా పడి, చివరికి నిన్నటి శుక్రవారానికి కుదిరింది.

బెల్లం తెచ్చే పని సుజాత అక్క మొగుడు చలపతి తీసుకున్నాడు. చందర్లపాడులో మిర్చి వ్యాపారం, మనిషికన్నా ముందు గొంతు వస్తుంది. నెలన్నర కిందట వచ్చి, హారికని ఎగాదిగా చూసి, "ఏం అమ్మడూ, బెల్లానికి ఆటో సరిపోద్దా, లారీ మాట్లాడమంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. హారిక కూడా నవ్వింది. నవ్వి, చేతిలో ఉన్న జంతిక తిరిగి పళ్లెంలో పెట్టేసింది.

ఆ మర్నాటి నుంచీ చూస్తున్నా, ఆ కొర్రలన్నం కూడా పిల్ల కంచంలో చటుక్కున మాయమవుతోంది. చూస్తే పిల్ల చెంపలు లోపలికి పోతున్నాయి, దువ్వెన నిండా జుట్టు. సుజాత మురిసిపోతోంది, "డైట్ పట్టింది అత్తయ్యా!" అని. పట్టింది ఎవరికో నాకు ఓ పొద్దున పెరట్లో తెలిసింది. పక్కింటి కుక్క మన ప్రహరీ పక్కన హాయిగా కూర్చుని, మూతి నాక్కుంటూ నన్ను చూసి తోకాడించింది. పండక్కి తెచ్చిన పొట్టేలులా నిగనిగలాడుతోంది. అది తిన్నది మా పిల్ల కొర్రలు.

అప్పుడే అడగాల్సింది కదా అంటావు. కొత్తగా వచ్చినదాన్ని అక్కయ్యా, ఉల్లిపాయల ఉద్యోగం.

కిందటి మంగళవారం హారికతో కలిసి నందిగామ వెళ్లా. మొక్కు రోజుకని కొత్త లంగా ఓణీ, దాని జాకెట్టు మస్తాన్‌బీ అనే ఆవిడ కుడుతోంది. వేసుకు చూస్తే హుక్కులు అందలేదు.

"నాదేం లేదమ్మా" అంది మస్తాన్‌బీ. "కొలత నేను సరిగ్గానే తీశా. రెండంగుళాలు లోపలికెయ్యి, ఆ రోజుకి సన్నబడతా అన్నావు, వేశా. గుడ్డ లోపల వదిలే ఉంచాలే, విప్పితే సరిపోద్ది."

"విప్పొద్దు ఆంటీ" అంది హారిక. ఊపిరి బిగబట్టి, కడుపు వెన్నుకి అంటించి, ఒక్కో హుక్కూ లాగింది. చివరిది పడింది. పడిన వెంటనే పిల్ల కళ్లు తేలేసింది. నేను పట్టుకునేలోపే గోడకి జారి కూలబడింది. మస్తాన్‌బీ హుక్కులు ఊడదీసి మొహం మీద నీళ్లు చల్లింది.

అక్కడే దగ్గర్లో ఉన్న డాక్టరమ్మకి చూపించా. రక్తం బాగా తక్కువంది, తిండి మానేస్తే ఇంతేనంది, ఇలాగే సాగితే గుండె మీదికొస్తుందని హెచ్చరించి, మందులు రాసి, తల్లిని తీసుకుని మళ్లీ రమ్మంది. బస్టాండ్ పక్కన టిఫిన్ హోటల్లో కూర్చోబెట్టా.

"ఏం తింటావే?"

"ఏదోటి నానమ్మా."

"ఏదోటి అనే టిఫిను వీళ్ల బోర్డు మీద లేదు."

అప్పుడు గడగడా చెప్పింది. పూరీలో నూనె, ఇడ్లీ అంతా పిండేనట, అరటిపండులో చక్కెర, కొబ్బరి చట్నీలో కొవ్వు. బట్టీ పట్టిన పాఠం తడుముకోకుండా అప్పజెప్పింది.

"తినకూడనివి అడగలేదే. నీకేం తినాలనుంది?"

నోరు తెరిచింది. మూసింది. బోర్డు వంక చూసింది, నా వంక చూసింది. విజయవాడ బస్సు వచ్చి, జనాన్ని దించి, ఎక్కించుకుని వెళ్లిపోయింది.

"తెలీట్లేదు నానమ్మా" అంది. "నిజంగా తెలీట్లేదు."

ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు. లెక్కలు రాని పిల్ల బోర్డు ముందు నిలబడ్డట్టు ఉంది దాని మొహం. మజ్జిగ తెప్పిస్తే సగం తాగింది. తాగి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మకి చెప్పకు. పెదనాన్న అందరి ముందూ బెల్లం దిమ్మలు లెక్కపెడతాడు, వీడియోలు తీస్తారు. శుక్రవారం అయిపోనీ, తర్వాత తింటా."

'తర్వాత' అన్న మాటకి నా దగ్గర విలువ లేదు. 'రేపు రాసుకొస్తా టీచర్' అన్నవాళ్లందరినీ చూసినదాన్ని. "చెప్పనని మాటివ్వను" అన్నా. దారంతా నాతో మాట్లాడలేదు.

రెండు రోజులు నా నాలుకని నేనే కొరుక్కుంటూ తిరిగా. అనేస్తే, పెట్టె సర్దుకోమంటే ఎక్కడికి పోవాలి? పాలకొల్లు ఇల్లు అమ్మేశాంగా. అనకపోతే శుక్రవారం నాటికి ఆ పిల్ల తక్కెడలో కూర్చోగలదా? గురువారం పొద్దున్న మురళి డ్యూటీకి వెళ్లగానే వంటింట్లోకి వెళ్లా.

"సుజాతా, బెల్లం ఎంత చెప్పారు?"

"బావగారు చూస్తారత్తయ్యా. పిల్ల తగ్గిందిగా, అనుకున్నంత పట్టదేమో" అంది, కాస్త గర్వంగానే.

"తగ్గించి తూస్తే మొక్కు చెల్లుతుందా?"

"అంటే?"

"మొన్న కూరలబండివాడు తక్కెడ కింద చింతపండు అంటించాడని వీధంతా ఏకం చేశావు. ఒళ్లు తేరుకుంటే దాని బరువంత ఇస్తానని అమ్మవారికి నువ్వే మాటిచ్చావు. ఆవిడ తేర్చి ఇచ్చింది. ఇచ్చినదాంట్లో కొంత కోసేసి మిగిలింది తూస్తే, ఇది ఏ చింతపండు?"

గరిటె కింద పెట్టింది. దాని మొహం చూసి, అయిపోయింది నా కాపురం అనుకున్నా.

"మీకేం తెలుసత్తయ్యా! లావుగా ఉంటే ఏమంటారో అనిపించుకున్నదాన్ని నేను. మా అక్క పెళ్లిలో, పీటల మీద కూర్చుని, అందరి ముందూ నన్ను డ్రమ్మని పిలిచింది ఈ బావగారే. పద్నాలుగేళ్లు నాకప్పుడు. నా కూతుర్ని ఎవరూ అలా అనకూడదనే..."

"అన్నాడుగా. లారీ అన్నాడుగా. నువ్వూ నవ్వావు."

నా మాట పదునుగానే పడింది, తెలుసు. తర్వాత మస్తాన్‌బీ కొట్టు సంగతి చెప్పా, డాక్టరమ్మ మాటలు చెప్పా, కుక్క సంగతీ చెప్పా. సుజాత స్టవ్ కట్టేసి గదిలోకెళ్లి తలుపు వేసుకుంది. ఆ రోజంతా నాతో ఒక్క మాట లేదు. పిల్లా మాట్లాడలేదు.

శుక్రవారం పొద్దున్న హారిక మంచం దిగుతూనే ప్రకటించింది, మొక్కు తీరేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనని. సుజాత వంటింట్లోంచి పెరుగన్నం గిన్నె తెచ్చి పిల్ల ముందు పెట్టింది.

"మొక్కింది నేను. ఉపవాసం ఉంటానని మొక్కలేదు. తిను."

"నువ్వు తినవుగా."

సుజాత గిన్నె వంక చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను, లోతు తెలియని కాలవలో దిగేవాళ్ల చూపు. కుడిచెయ్యి కడుక్కొచ్చి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. రెండేళ్ల తర్వాత తెల్లన్నం. నమలడానికి చాలాసేపు పట్టింది. రెండో ముద్ద కలిపి కూతురి వైపు చాపింది. నేను ఉల్లిపాయలు లేకపోయినా వంటింట్లోకి పోయా.

కాసేపటికి హారిక జాకెట్టు పట్టుకుని వచ్చింది. "కుట్లు విప్పుతావా నానమ్మా?" అంది, నేల చూపులు చూస్తూ. గుడ్డ నిజంగానే వదిలింది మస్తాన్‌బీ. రెండు పక్కలా విప్పి చేత్తో కుట్టి ఇచ్చా.

గుళ్లో పెద్ద తక్కెడ. ఒక పళ్లెంలో పిల్ల బాసింపట్టు వేసుకు కూర్చుంది, రెండో దాంట్లో చలపతి దిమ్మలు పేరుస్తున్నాడు. ఒక్కో దిమ్మకీ వేలంపాటలా కేక. ఫోన్లు లేచాయి. హారిక గొలుసుల్ని గట్టిగా పట్టుకుని, మొహం ఫోన్లకి అందకుండా తిప్పుకుంది.

"లేవలా! ఇంకా లేవలా! చూస్కోండి, అమ్మడు మామూలుది కాదు!"

నా నాలుక చివర ఓ మాట ఉంది అక్కయ్యా. అతని పొట్ట గురించి. నువ్వు వింటే వారం రోజులు నవ్వేదానివి. మింగేశా. ఆ పిల్ల ముందు ఇంకో ఒళ్లు తూచకూడదనిపించింది. నోరు తెరిచింది సుజాత. బావగారి ముందు తలెత్తి ఎరగని సుజాత.

"బావగారూ, కేకలొద్దు. నేను మొక్కుకున్న రోజు దాని చెయ్యి పట్టుకుంటే ఎముకే తగిలింది. అది ఎంత తూగితే అంత నాకు అమ్మవారిచ్చింది. వెయ్యండి. లేచేదాకా వెయ్యండి."

చలపతి ఆ తర్వాత చప్పుడు చెయ్యకుండా దిమ్మలు పెట్టాడు. హారిక తల్లినే చూస్తూ కూర్చుంది, అవతలి పళ్లెం వైపు ఒక్కసారీ చూడలేదు. పళ్లెం లేచింది.

ఆ బెల్లం కొంత కొట్టి అక్కడే అందరికీ పంచారు. పిల్ల బరువుని ఊరంతా చప్పరించింది, చలపతి రెండోసారి చెయ్యి చాపాడు. హారిక చేతిలోనూ ఓ ముక్క పెట్టారు. పిడికిలి మూసుకుంది. తిన్నదో లేదో నేను చూడలేదు, కావాలనే అటు తిరిగి నిలబడ్డా. దాని నోటి మీద కాపలాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. తిరుగు ఆటోలో నా చెయ్యి పట్టుకుంటే మాత్రం దాని అరచెయ్యి జిగటగా ఉంది, ఖాళీగా ఉంది.

అంతా సర్దుకుందని రాయను. ఈ పొద్దున్న కూడా పిల్ల మిషను దాకా వెళ్లింది. ఎక్కిందో లేదో తెలీదు. సోమవారం ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం. సుజాత నాతో ఇంకా ముభావమే, కానీ ఇవాళ ఉల్లిపాయలతో పాటు పోపు కూడా నాకే వదిలింది. ఉద్యోగం ఖాయమైనట్టే అనుకుంటున్నా.

బావగారికి నమస్కారాలు, పిల్లలకి దీవెనలు చెప్పు. పెద్దదానివి, నీ చెయ్యి ఈ ఇంటి మీద ఉంచు, ముఖ్యంగా ఆ పిల్ల తల మీద.

అన్నట్టు ఒక పని. ఇందాక ఈ ఉత్తరం రాస్తుంటే హారిక వచ్చి పక్కన కూర్చుంది. ఎవరికి అంది, నీకు అన్నా. "పెద్దనానమ్మ ఇంకా మామిడి తాండ్ర పోస్తుందా? చాప అంచున గట్టిపడేది ఉంటుందే, అది తినాలనుంది" అంది.

నేనేమీ అడగలేదు అక్కయ్యా. అదే అంది. అంచులు పంపు, త్వరగా పంపు.

నీ చెల్లెలు,
కామేశ్వరి