గీత పడిన రికార్డు

నాచారం,
ఆదివారం.

ఆగయ్య బావకు నమస్కారాలు.

మీరు పంపిన కొత్త రికార్డు అందింది. గీత పడిన పాతదాన్ని పోయినసారి వచ్చినప్పుడు పట్టుకెళ్లి, మీ చెల్లెలి కోసం అదే పాట వెతికి మరీ కొన్నారు. పాట ఎక్కడా ఆగకుండా నీళ్లలా పారుతోంది.

కానీ బావా, పాతది తిరిగి ఇవ్వండి.

రుక్కమ్మ అన్నీ మరిచిపోతున్న సంగతి చూశారు కదా. నన్నూ ఎవరో అనుకుంటుంది. అయినా రెండో చరణంలో ముల్లు ఆ గీతలో పడి ఒకే మాట మళ్లీ మళ్లీ పాడిందంటే, ముప్పై ఏళ్లుగా వంటింట్లోంచి అరిచినట్టే అరిచేది: "ఓ, జర ముల్లు లేపుండ్రి! మల్ల ఆడ్నే తిరుగుతున్నది!" నేను లేచి ముల్లు జరిపేవాణ్ని. ఆమె నవ్వేది.

ఇప్పుడు గోడ మీద సాయంత్రపు ఎండ కరిగిపోయేదాకా పాట సాగుతుంది. ఆమె కిటికీలోంచి ఎటో చూస్తూ వింటుంది. ఇరవై రోజులైంది, నాతో ఒక్క మాట లేదు.

మీరు ఉప్పల్ దాకా తెస్తే నేనే ఎదురొస్తాను. పాట ఆగాలి బావా. ఆగితేనే ఆమె నన్ను పిలుస్తుంది.

మీ బావ