జీలుగ విత్తనాలకు నీడ

మృగశిర రెండో రోజు, సోమవారం

ఈ రోజు అవ్వ మీద, కన్నతల్లి మీద అరిచాను. అరవకుండా ఉండాల్సింది.

చౌడు పట్టి తెల్లబడిన మా మూలమడి కోసం ల్యాబ్ నుంచి ఒకే ఒక్క ప్యాకెట్ తెచ్చాను. గోదావరిఖని బస్సులో దారంతా ఒళ్లోనే పెట్టుకున్నాను. ఉప్పు నేలలోనూ బతికి, గాలిలోని నత్రజనిని మొక్క వేళ్లకు అందించే బ్యాక్టీరియా అది. పొద్దున బెల్లం నీళ్లు కాచి చల్లార్చి, అందులో దాన్ని కలిపి చౌడు తగ్గేందుకు వేసే పచ్చిరొట్ట పైరు జీలుగ విత్తనాలకు పట్టించాను. ఆ వాసనకు బాపు గుర్తొచ్చాడు. గనిలో షిఫ్టు దిగి రాగానే, గొంతులో బొగ్గు దుమ్ము పోవాలని, తువ్వాల కొసన కట్టుకున్న బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. ముందు సగం కొరికి నాకు పెట్టేవాడు.

నేను స్నానం చేసి వచ్చేసరికి అవ్వ ఆ విత్తనాలను డాబా మీద ఎండలో పరిచింది.

"ఎండ సూపియ్యకుంటే బూజు పట్టదా బిడ్డా? మీ బాపు గిట్లనే ఆరబోస్తుండె."

"బాపు ఆరబోసినయి ఉత్త ఇత్తులే అవ్వా! వీటికి నేల కింద బతికే జీవాలున్నయి. ఎండకు సస్తయి!"

అవ్వ లోపలికి వెళ్లింది. పెట్టెలోంచి బాపు డ్యూటీ తువ్వాల తీసింది. బాపు పోయినప్పటి నుంచి ఇన్నేళ్లుగా ఎవరినీ ముట్టనివ్వలేదు దాన్ని. వసారా నీడలో పరిచి, విత్తనాలన్నీ దాని మీదికి ఎత్తింది.

"గనిలకెల్లి పైకొచ్చినంక మీ బాపు గూడ జరసేపు నీడకే కూసుంటుండె," అంది.

ఆ జీవాల్లో ఎన్ని బతికాయో తెలియదు. రేపు విత్తనాలు చల్లాలి. సాయంత్రం తువ్వాల ఉతకబోతే అవ్వ నా చేతిలోంచి లాక్కుంది. ఎన్నో ఏళ్లకు అది మళ్లీ బెల్లం వాసన వేస్తోంది.