నాన్న ప్రసంగాల నోటుబుక్కులో చివరి పేజీ

నాన్నా,

చదువెక్కువై నేను ప్రార్థన మానేశానని అమ్మ నెల్లిమర్లంతా చెబుతోంది. విజయనగరంలో బి.ఏ. చదివినంత మాత్రాన మోకాళ్లు వంగకుండా పోవు. రోజూ మోకరిస్తూనే ఉన్నాను. నోట మాటే రావడం లేదు.

నువ్వు పోయి ఈ ఆదివారానికి ఏడాది. జ్ఞాపకార్థ కూడికలో నీ ప్రసంగాల నోటుబుక్కులోంచి ఏదైనా చదవమని నీ తర్వాత వచ్చిన కొత్త పాస్టరుగారు నాకు అప్పగించారు. ముందు నాకోసమే వెతికాను, ధైర్యం చెప్పే మాట ఒక్కటైనా దొరక్కపోదని. జూట్‌మిల్లు ఆడవాళ్లకు నేర్పడానికి వరి ఊడుపు పాటల బాణీల్లో నువ్వు కట్టిన కీర్తనలన్నీ దాటి చివరి పేజీకి వచ్చాను.

"చావుబతుకుల్లో ఉన్నవాళ్ల మంచాల పక్కన ఇరవై ఏళ్లుగా గొంతెత్తి ప్రార్థిస్తున్నాను. జవాబు నాకు ఒక్కసారీ వినబడలేదు. పాడుతున్నంతసేపు మాత్రం ఆ సంగతి మరిచిపోతాను" అని రాసుకున్నావు.

అమ్మకు చదివి వినిపించాను.

"ఏటే, నీకు మతి పోనాదేటి? సింపీ ఆ కాయితం! పాస్టరుకే నమ్మకం నేదంట అని జనం నవ్వరా?"

"చింపేస్తే నాన్న రాయనట్టు అయిపోతుందా అమ్మా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

జవాబు నాకు వినబడకపోయినా నీకు వినబడుతుందన్న నమ్మకంతోనే ఇన్నాళ్లూ గుడిలో కూర్చున్నాను. ఆ ఆసరా కూడా పోయింది. నీ ఎదుట బల్లల మీద కూర్చున్నవాళ్లలో నాలాంటివాళ్లు ఇంకెందరున్నారో, ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఆదివారం ఆ పేజీయే చదువుతాను.