నలభై ఒక్క రోజుల దొంగ రీడింగులు

ఆరోగ్య శాఖ పెద్దాఫీసరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్య రక్తపోటు గురించి నేను ఫోనులో చెప్పిన నలభై ఒక్క రోజుల అంకెలు కొట్టివేసి, ఆమె మాత్రలు తిరిగి ఇంటికి పంపించుట గురించి.

నేను కరెంటు ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు మీటరు రీడరుగా పనిచేసి రిటైరైనవాడిని. వయసు డెబ్బై. నా భార్యకు అరవై ఆరు. ఇద్దరికీ బీపీ ఉంది. ఇద్దరికీ ఒకటే మాత్ర. ఈ మహమ్మారి రోజుల్లో పెద్దవాళ్లు గడప దాటరాదని తమరు ఉత్తర్వు వేసినది మొదలు మేము దాటలేదు. ఈ క్రింది సంగతులు మనవి చేసుకుంటున్నాను.

1. రోజూ పదింటికి తమ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోను చేసి, "తాతగారూ, ఇవాళ బీపీ ఎంత? మీది, మామ్మగారిది?" అని అడిగి రాసుకుంటుంది. చాలా మర్యాదస్తురాలు. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

2. మా ఎదురింటి టైలరు గారు ఒక ఉదయం 182 అని ఉన్నది ఉన్నట్టు చెప్పారు. గంటలో తమ బండి వచ్చింది. "సాయంత్రానికి వచ్చేస్తానమ్మా. కుట్టుమిషను మీద గుడ్డ కప్పడం మర్చిపోయాను" అని నా భార్యతో చెప్పి మెట్లు దిగారు. ఆస్పత్రిలో ఆయనకు ఆ జబ్బే అంటుకుంది. తిరిగి రాలేదు. మా వంటింటి కిటికీలోంచి ఆ మిషను ఇప్పటికీ అలాగే కనిపిస్తుంది.

3. ఆ వారంలోనే నా భార్యకు 174 వచ్చింది. చేతికి కట్టిన బీపీ మిషను పట్టీ ఊడదీసి, "ఏమండీ, ఈ నెంబరు చెప్పారంటే నన్నూ తీసుకుపోతారు. నేను పోను. చస్తే ఇక్కడే చస్తాను. మీకు దణ్ణం పెడతాను, చెప్పకండి" అంది. సదరు భార్య నలభై నాలుగేళ్ల కాపురంలో నన్ను బతిమాలడం అదే మొదటిసారి. ఫోను మోగింది. నేను "128, 82" అన్నాను.

4. అయ్యా, మా ఉద్యోగంలో ఇంటికి తాళం ఉంటే 'డోర్ లాక్' అని రాసి, పాత నెలల సగటు వేసి వెళ్లిపోవచ్చు. తాళం లేకపోయినా ఎండకో కుక్కకో భయపడి, నీడన కూర్చుని సగటు వేసినవాళ్లు ఉన్నారు. నేను మాత్రం కుక్క పిక్క పట్టుకున్నా మీటరు చూడందే అంకె వేయలేదు. అలాంటివాడిని తలుపు బార్లా తీసి, మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా సగటు వేశాను. పైగా అనుమానం రాకుండా ఒకరోజు 126, ఒకరోజు 130. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

5. తత్ఫలితంగా పన్నెండు రోజుల క్రితం తమ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. నా భార్య బీపీ అదుపులో ఉన్నందుకు అభినందనలట. మందుల కొరత వల్ల ఇంటికి మాత్రలు పంపే జాబితా నుంచి ఆమె పేరు తీసివేశారట. మాత్ర వేసుకుంటేనే 174 ఉండే మనిషికి మాత్ర లేకపోతే ఎంత ఉంటుంది? తమ అమ్మాయిని అడిగితే, "అన్నీ నార్మలే కదా తాతగారూ, నేనేం చేయను?" అంది. ఆ నార్మలు నేను చెప్పిందే. ఇక ఎవరితో దెబ్బలాడను? నిజం చెబితే బండి వస్తుంది. అబద్ధం చెబితే మందు రాదు.

6. ఉత్తరం సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే ఇంకా పెరుగుతుంది. ఈ పన్నెండు రోజులూ నా మాత్రలే ఆమె సీసాలో పోస్తున్నాను. ఇక నాలుగున్నాయి. నా బీపీ ఈ అర్జీకి సంబంధించిన అంశం కాదు.

కావున తమరు దయయుంచి, పై దొంగ అంకెలు రద్దు చేసి, శిక్ష ఏదైనా ఉంటే నాకు వేసి, మాత్రలు ఆమెకు పంపించి, బండి మాత్రం పంపకుండా ఉండవలసిందిగా ప్రార్థన. దీనిని ముసలివాడి చాదస్తంగా కాక, కళ్లారా చూసి రాసిన రీడింగుగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రిటైర్డ్ మీటరు రీడరు,
మూడో అంతస్తు, టైలరు గారి ఎదురిల్లు.

తా.క.: అయ్యా, నేను ఆయన భార్యను. సంతకం పెట్టి, తల పగిలిపోతోందని పడుకున్నారు. కాగితం తీసి చదివాను. పన్నెండు రోజులు తన మాత్రలు నా నోట్లో వేశాడు ఈ మహానుభావుడు. వద్దంటున్నా వినకుండా ఆయన చేతికి పట్టీ కట్టాను. 208, 120. మాట కూడా ముద్దగా వస్తోంది. మీ అమ్మాయి ఫోను కోసం ఆగలేదు. నేనే చేసి చెప్పాను. బండి వస్తోంది, ఈ కాగితం డ్రైవరు చేతికి ఇస్తాను. ఆయన్ని ఒక్కరినే ఎక్కించుకుంటారట, బీపీ నార్మలుగా ఉన్నవాళ్లను రానివ్వరట. నాది 186. కళ్లజోడు పెట్టుకుని, రెండుసార్లు చూసి రాశాను.