ఇరుసు కింద దూలం

మంగళవారం, మృగశిర కార్తె. పొద్దున జల్లు పడి ఆగింది. గడ్డివాము మీద తాటాకులు కప్పాను.

తర్వాత బండి ఇరుసుకు కందెన పెడదామని, చక్రం ఊడదీయడానికి ఒంగి బండిని పట్టుకున్నాను. మా ఇంటిది అడ్డం వచ్చింది.

"నిరుడు గిట్లనే ఎత్తి, నడుము పట్టుకుని ఎనిమిది రోజులు పండుకుంటివి. రేపు విత్తనం ఎవరు ఏస్తరు, నీ మీసాలా?"

ఇరుసు పక్కన రాయి పెట్టి, దాని మీదుగా పొడుగు దూలాన్ని ఇరుసు కిందికి దూర్చి, ఇవతలి కొసన తాను కూర్చుంది. బండి తేలిగ్గా లేచింది. సీల తీసి చక్రం లాగాను.

పక్కింటి మల్లయ్య గోడ మీంచి చూశాడు. "ఏం వదినా, ఉయ్యాల ఊగుతున్నవా?"

"ఔ. పెండ్లయిన పదేండ్లకు మీ అన్న కట్టిండు."

ఆమె నవ్వుతుంటే దూలమూ ఊగింది. చక్రం మళ్లీ ఎక్కించేదాకా ఆమె దిగడానికి లేదు. కందెన పూయడం చిటికెలో అయ్యే పని. ఈరోజు చాలాసేపు పూశాను.

"ఇంకెంతసేపయ్యా?" అంది.

"జర ఆగు" అన్నాను. ఇరుసుకు ఇంకో చుట్టు కందెన పూశాను.

నడుము బాగానే ఉంది. రేపు విత్తవచ్చు. సాయంత్రం ఎద్దులకు కుడితి పెట్టాను.