తోకల తప్పి పడ్డ ఆక్సిజన్

ఫిబ్రవరి 3, సోమవారం. పొద్దుగాల 5:00
లేసిన! అలారం కంటె రెండు నిమిషాలు ముందే. పీహెచ్‌డీకి ఇది ఆరో ఏడు. 28 తారీఖుకు మా గైడ్ జయానందం సార్ ముంగట ఇరవై సబ్‌స్టార్మ్‌ల (భూమి అయస్కాంత తోకల లేసే తుఫాన్ల) గ్రాఫులు పెట్టాలె. లేకుంటె రిజిస్ట్రేషన్ ఖతం. అందుకే శపథం: రోజుకొక సబ్‌స్టార్మ్. గ్రాఫ్ గాకముందు చాయ్ లేదు, ఫోన్ లేదు.

8:30
ఒకటి అయింది! అమ్మ (దయమ్మ, గాంధీ గంజ్ మార్కెట్‌ల కందులు తూర్పార పట్టే పని) ఏం చేస్తున్నవే అని అడిగింది. నీకు సమజ్ గాదు అన్న. గాలి పై అంచు నుంచి ఆక్సిజన్, హైడ్రోజన్ అయాన్లు లేసిపోయి, భూమి వెనక సాగిన అయస్కాంత తోకల పడ్తయి. సబ్‌స్టార్మ్ వస్తే తోక జాడిచ్చి మళ్ల మనదిక్కే కొడ్తది. ఏది ఎంత దూరంల పడ్డదో చూసుడే నా పని. ఇదంత ఆమెకేం చెప్పాలె?

ఫిబ్రవరి 4. 5:10
రెండోది. అరె! బరువున్న ఆక్సిజన్ దూరం పోయి పడ్డది, తేలికైన హైడ్రోజన్ దగ్గర్నే. నిన్నటిదీ గంతే. పుస్తకాలల్ల ఉల్టా ఉన్నది. అంటే పుస్తకాలే తప్పు! సార్‌కు మెసేజ్ పెట్టిన. (ఈ ఫోన్ శపథంల లెక్కకు రాదు.) 28న డిపార్ట్‌మెంట్ అందరి ముంగట చెప్పు అన్నడు.

ఫిబ్రవరి 7. 6:40
మూడోది. చాయ్ ముందే తాగిన. తాగకుంటె అక్షరాలు కండ్లకు ఆనుతలేవు.

ఫిబ్రవరి 10. 8:15
కరెంటు లేదు. ల్యాప్‌టాప్ ఫుల్ చార్జ్ ఉండె, అది వేరే ముచ్చట.

ఫిబ్రవరి 16, ఆదివారం
ఇయ్యాల పని చేయొద్దని బైబిల్ వాక్యమే ఉన్నది. శపథం కంటె వాక్యం పెద్దది.

ఫిబ్రవరి 19
మోకాలు నొస్తున్నది. మోకాలికి గ్రాఫ్‌కు ఏం సంబంధం అని అమ్మ అడిగింది.

ఫిబ్రవరి 23, ఆదివారం. మధ్యాహ్నం 1:00
చర్చి నుంచి వచ్చి అమ్మ టేబుల్ మీది గ్రాఫ్ చూసింది. ఎర్ర గీత ఏందన్నది. తప్పించుకునే ఓపిక లేక చెప్పిన: ఎర్రది బరువు, నీలిది తేలిక, రెండూ కొట్టుకపోయి పడ్తయి, నీలిది దగ్గర, ఎర్రది దూరం.

అమ్మ గీతల మీద వేలు పెట్టి చూసింది.

"బరువుది దూరం పోయి పడ్తదా? ముప్పై ఏండ్ల సంది తూర్పార పడుతున్న బిడ్డా. గింజ కాళ్లకాడ పడ్తది, పొట్టు అవతల పడ్తది. నువ్వు కుప్పలు తారుమారు చేసినవు."

నవ్వుకుంట ఫైల్ తెరిచిన. నవ్వు ఆగింది. మొదటి రోజే ఆక్సిజన్ కాలమ్‌కు హైడ్రోజన్ అని, హైడ్రోజన్‌కు ఆక్సిజన్ అని పేరు పెట్టిన. మూడు గ్రాఫులూ ఉల్టా. డిపార్ట్‌మెంట్ ముంగట నా గతి ఏమవుతుండెనో!

1:20
శపథం నిలబెట్టుకోని ఉంటే ఈపాటికి ఇరవై తప్పులు. ఇప్పుడు మూడే. బద్ధకం కాపాడింది, దేవునికి స్తోత్రం.

ఆరేండ్లల్ల అమ్మకు ఒక్క గ్రాఫ్ చూపియ్యలే. నిజంగ సిగ్గయింది. ఆ మాటే చెప్పిన. సరే గని చాయ్ పెట్టు అన్నది.

ఫిబ్రవరి 24, సోమవారం. 5:00
లేసిన! (అమ్మ లేపింది.) పుస్తకాలే రైటు అని సార్‌కు మెసేజ్ పెట్టిన. చూసిండు.

మూడు సరిచేయాలె, కొత్తయి పదిహేడు. రోజులు నాలుగు. కొత్త శపథం: రోజుకు అయిదు. ముందు అమ్మకు చూపియ్యాలె, తర్వాతనే సార్‌కు. ప్రతి గ్రాఫ్ కింద రాయాలె: సరిచూసింది దయమ్మ, గాంధీ గంజ్.

5:25
అమ్మ పక్కన పీట ఏసుకోని కూసున్నది. ఇంకోటి తియ్యి అంటున్నది. ఈమె ముంగట మోకాలు నొయ్యదు.