కంచె వెంబడి పూలు

ఆదివారం, మార్చి 9

అక్కకు తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బావగారూ చిన్నదీ బాగున్నారనే అనుకుంటున్నాను. అనుకోవడమే గానీ అడిగి ఏడాదిన్నర దాటింది. తప్పు నాది కాబట్టి ముందు నేనే కలం పట్టాను.

ఈ ఉత్తరం పూలమొక్కల గురించి. కుండీలో ఒక్క మొక్కను బతికించలేనివాడివి, నీకు తోటేమిటి అంటావని తెలుసు. కాస్త ఓపికగా చదువు.

జనవరిలో ఒకరోజు అమ్మ బయటికి వెళ్ళిపోయింది. గేటు గడియ వదులైంది, ముందుగదిలో బైండింగు పుస్తకాలు కుట్టుకుంటూ నేను చూసుకోలేదు. నాలుగు గంటల తర్వాత ఒక బస్సు కండక్టరమ్మ, అమ్మ మెడలో నేను కట్టిన చీటీ మీద అడ్రసు చూసి, డ్యూటీ దిగాక తనే నడిపించుకొచ్చింది. అమ్మ కాళ్ళకు చెప్పుల్లేవు. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఆ వారమే ఇంటి ముందు నా భుజాలెత్తు ఇనుప జాలీ కంచె వేయించి, గేటుకు తాళం పెట్టాను.

అప్పట్నుంచీ అమ్మ పొద్దున్నే వెళ్ళి ఆ జాలీ పట్టుకుని నిలబడుతోంది. వేళ్ళ మీద తీగల అచ్చులు పడేదాకా కదలదు. కాస్త తాళం తీసిపెట్టండి, మా పిల్లలు బడి నుంచి వచ్చే వేళయింది అని దారిన పోయేవాళ్ళను బతిమాలుతుంది. పోస్టుమాన్ తల వంచుకుని గబగబా దాటిపోతాడు. మొన్న ఎదురింటి టీచరుగారు వచ్చి, చూడలేకపోతున్నాను బాబూ, ఆ తీగలు కనబడకుండా ఏదైనా చెయ్యి అన్నారు.

అమ్మ నన్ను గుర్తుపట్టడం మానేసి చాలా రోజులైంది. బైండరుగారూ అని పిలుస్తుంది. మా పెద్దమ్మాయికి మీలాంటి నెమ్మదస్తుణ్ణే చూస్తున్నాం, మీకు పెళ్ళయిందా అని నన్నే అడిగింది. ఆ పెద్దమ్మాయివి నువ్వే. నేను జిగురు కలుపుతూ కూర్చున్నాను.

రంగులు మాత్రం అమ్మను వదిలిపోలేదు. అట్టలకు అంటించే గుడ్డ ముక్కలు ముందు పోస్తే ఎరుపు ఎరుపుతో, పసుపు పసుపుతో జత చేస్తూ గంటలు గంటలు కూర్చుంటుంది. ఒక్క ముక్క తప్పు పోదు. అది చూసే ఈ ఆలోచన వచ్చింది. కంచె పొడుగునా పూలు పెడతాను. ఎక్కడా జాలీ కనబడకూడదు.

ఒక అట్టముక్క మీద కంచె గీసి రంగులు వేసి చూసుకున్నాను. గేటు నుంచి మూల దాకా పద్దెనిమిది అడుగులు. గేటు పక్కన ఎర్ర ముద్దమందారం. తర్వాత జాలీ మీదికి పాకేట్టు నీలం శంఖుపూల తీగ. దాని మొదట్లో బంతి, పసుపూ నారింజా కలిపి. మొక్కలమ్మే ఆయన గన్నేరు పెట్టుకోమన్నాడు, నీళ్ళు పోయకపోయినా బతుకుతుందట. వద్దన్నాను. అది విషం. అమ్మ ఈమధ్య ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటోంది. మూల ఒక్కటే ఖాళీగా మిగిలింది. మన పాత అద్దెఇంట్లో కుళాయి దగ్గర ఊదారంగు పూలు పూసేవి, నువ్వు నోటుపుస్తకంలో పెట్టి ఎండబెట్టేదానివి. ఎంత గింజుకున్నా పేరు తట్టడం లేదు. నీకు గుర్తుంటే రాయి.

నర్సులు చూసుకునే చోట అమ్మను చేర్పిద్దాం అని నువ్వన్న రోజు, వదిలించుకునే దారి వెతుకుతున్నావా అని బావగారి ముందే నిన్ను అడిగాను. నువ్వు చెప్పులేసుకుని వెళ్ళిపోయావు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇంత ఆలస్యంగా తీసుకుంటే చెల్లుతుందో లేదో నువ్వే చెప్పాలి.

రెండు నెలల్లో బంతి విరగబూస్తుందట. అప్పుడొకసారి రా అక్కా. అమ్మ నిన్ను గుర్తుపట్టకపోవచ్చు. నేను గుర్తుపడతాను.

బావగారికి నా నమస్కారాలు చెప్పు. చిన్నదాన్ని అడిగానని చెప్పు.

నీ
తమ్ముడు

తా.క.: కవరు అంటించి మళ్ళీ చించాను. గడియ వదులవలేదక్కా. ఆ రోజు అమ్మ పొద్దుట్నుంచి మూడుసార్లు పక్క తడిపింది. కుట్టి పెట్టిన పుస్తకాల మీద జిగురు డబ్బా బోర్లించింది. నేను వెళ్ళి గేటు తీసి వచ్చాను. అమ్మ ఉత్తకాళ్ళతో వెళ్ళిపోతుంటే కిటికీలోంచి చూశాను. మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. కుర్చీలోంచి లేచి వెతకడానికి బయల్దేరేసరికి గంట దాటింది. కంచె అమ్మ కోసమని అందరికీ చెబుతున్నాను గానీ, నన్ను నేను నమ్మలేక వేయించాను. గేటు తాళంచెవి టీచరుగారి దగ్గర ఉంది, నాకు కావాలన్నా ఆమెనే పిలవాలి. నువ్వప్పుడు చెప్పిన చోటు వివరాలు కూడా రాసి పంపు. అమ్మను తీసుకొచ్చిన కండక్టరమ్మ నా ముఖం చూసి, ఎంత వెతికారో పాపం, ముందు మీరు కూర్చోండి అని తన సీసాలో మంచినీళ్ళు నాకిచ్చింది. తీసుకుని తాగాను.